రుచి చూడకుండ వండుడు

మా అత్తమ్మ మీద పగ తీర్చుకోనీకి నేను వంట నేర్చుకున్న. చెప్పుకోనీకి నాకేం సిగ్గు లేదు. మొగుడి కడుపు నింపుదామని, నలుగురితోటి శభాష్ అనిపించుకుందామని నేర్చుకునేటోళ్లు ఉంటరు, వాళ్ల పుణ్యం వాళ్లది. నాకైతె ఒక్క మనిషి నోరు మూయించాలె అన్న కసి తప్ప ఇంకోటి లేకుండె. ఆ కసి లేకపోతె ఇయ్యాల్టికి గుడ నాకు పులిహోర కలుపుడు రాకపోవునేమో.

నిజం చెప్పాల్నంటె నేను వంట రెండుసార్లు నేర్చుకున్న. మొదటిసారి క్లాసుల. రెండోసారి నా అంతట నేను.

మాది జల్‌పల్లి. బాపు ఆఫీసుల టైపిస్టు. చిన్న ప్లాటుల రెండు రూములు ఏసుకొని ఉంటుంటిమి, నేను, బాపు, ఇద్దరమే. నేను రెండో తరగతిల ఉన్నప్పుడే మా అమ్మ పోయింది. ఆమె మొఖం ఫోటోల చూసి యాది పెట్టుకున్నదే. ఏం వండేదో, ఎట్ల వండేదో, ఎంత ఆలోచన చేసినా యాదికి రాదు. బాపు పొద్దుగాల కుక్కర్ల అన్నం పెట్టిపోయెటోడు, మాపటికి వచ్చేటప్పుడు హోటల్ల కూర కట్టించుకొచ్చెటోడు. ఏండ్లకు ఏండ్లు గట్లనే తిన్నం. ఆ కూర మీద తేలే నూనెను చెంచాతోటి తీసి పక్కకు పెట్టుడే నాకు వచ్చిన వంట.

లగ్గం కుదిరినంక నాకు భయం పట్టుకుంది. అత్తగారిల్లు హుస్సేనీ ఆలంల. తాతల సంది గల్లీల అమ్మవారి గుడి సేవ వాళ్లది. రోజూ నైవేద్యం వాళ్ల ఇంట్లనే వండాలె, గుడికి మోసుకపోవాలె. గసువంటి ఇంటికి పోపు ఎట్ల పెడతరో తెల్వని పిల్ల పోతె ఏమైతది? బాపును ఒప్పించి, ఫలక్‌నుమా స్టేషన్ దగ్గర కుట్టుమిషన్ల షాపు మీద నడిచే వంటల క్లాసుల చేరిన. మూడు నెలలు పోయిన.

క్లాసుల మేడం మంచిదే, అబద్ధం ఎందుకు. అన్నిటికి కొలతలు చెప్పేది. కప్పు, అర కప్పు, చెంచా, పావు చెంచా. మేం బుద్ధిగ నోటుబుక్కుల రాసుకునేటోళ్లం. ఏప్రాన్ జేబుల ఒక స్టీలు చెంచా తప్పకుండ ఉండాలె, అది రుచి చూడనీకి. ఉల్లిగడ్డ ఏగినంక చూడు, పులుసు పోసినంక చూడు, దించే ముంగట మల్ల చూడు. చూడకుండ దించినోళ్లతోటి మేడం మల్ల స్టవ్ అంటుపెట్టించేది. నాలుకను మించిన గురువు లేడు అనేది. మూడు నెలలు తిరిగేసరికి నా చెయ్యి దానంతట అదే జేబులకు పోవుడు మొదలైంది. ఆఖరికి సర్టిఫికెటు ఇచ్చిన్రు. బాపు దానికి లామినేషన్ చేయించి, పెండ్లి పెట్టెల చీరల నడుమ పెట్టిండు. పిచ్చి బాపు, బిడ్డకు తల్లి లేని లోటు తీరిపోయిందనుకున్నడు.

ఇగ అత్తమ్మ సంగతి. బక్కపల్చని మనిషి, నిటారుగ నడుస్తది, మాట తక్కువ. తానం చేసి తడిబట్టతోటి వంటింట్లకు పోయిందంటె గడప ఇవతల ఎవరున్నా ఆమెకు లెక్కలే. ఆ ఇంట్ల ఒక కట్టుబాటుండె. అమ్మవారికి పెట్టేది ముందుగాల మనిషి నాలుక మీద పడద్దు. ఉప్పు చూసుడు లేదు, పులుపు చూసుడు లేదు. దేవికి ఎంగిలి పెడతమా? ముక్కుతోటి గుడ పనిగట్టుకొని వాసన చూడద్దు అంటరు, గాని ఊపిరి పీల్చకుండ ఎవరు బతుకుతరు. ముప్పై ఏండ్ల సంది మా అత్తమ్మ ఒక్క మెతుకు నోట్లె ఏసుకోకుండ వండుతున్నది, ఒక్కనాడు ఉప్పు తప్పలేదు. గల్లీ అంత ఆ మాటనే చెప్పుకునేది. ఆమెకు అదే నగ, అదే నాణెం.

ఈ కట్టుబాటు నాకు ఎవరూ చెప్పలే. చెప్పాల్సిన పని లేదనుకున్నరు. గసువంటి ఇండ్లల్ల పుట్టిన పిల్లలకు అది తల్లి కొంగు పట్టుకొని తిరిగేటప్పుడే తెలుస్తదట.

పెండ్లైన ఏడాదే, శ్రావణ శుక్రవారం. ఇంట్ల పనెక్కువై అత్తమ్మ నన్ను గుడ తానం చేసి రమ్మన్నది, పులిహోర కలుపమన్నది. నాకు మస్తు సంబురమైంది. ఇన్నాళ్లకు నా చెయ్యి చూపిస్త అనుకున్న. పెద్ద తాంబాళంల అన్నం ఆరబోసి, పులుసు పోసి, పోపు ఏసి, కలిపి, నా పాటికి నేను చిటికెడు తీసి నాలుక మీద ఏసుకున్న. క్లాసుల చెయ్యి అది. నాకు తెలిసి ఏసుకున్నది గుడ కాదు. తలెత్తి చూస్తె అత్తమ్మ గడపల నిలబడి ఉంది.

ఆమె అరిస్తె బాగుండు. అరవలే. వచ్చి ఆ తాంబాళం రెండు చేతులతోటి ఎత్తుకుంది. వాకిట్ల పూలు, పండ్లు పట్టుకొని గుడికి పోనీకి తయారుగ ఉన్న ఆడోళ్లు పదిమందిదాక కూసొని ఉన్నరు. వాళ్ల ముంగట నుంచే నడిచి, గేటు పక్కన ఆవులకు పెట్టే తొట్టిల మొత్తం బోర్లించింది. ఇంటోళ్లందరు ఒక్కపొద్దులుండి, పొద్దుగాల సంది చేసిన పని. ఖాళీ తాంబాళం కింద పెట్టి వాళ్లతోటి ఒక్క మాట అన్నది. గా మాట నాకు ఇప్పటికీ చెవులల్ల ఉన్నది.

"తల్లి లేని పిల్ల. తల్లి ఉన్నా గిట్లనే నేర్పేదేమో."

ముందు మాట నేను జన్మంత విన్న, అలవాటే. రెండో మాట అట్ల కాదు. చచ్చిపోయిన మనిషి, ఆమెను ఎన్నడు చూడని మనిషి, నా చిటికెడు పులిహోరకు ఆమెను ఎందుకు ఈడ్చుకొచ్చినట్టు? నేను ఎదురు చెప్దామన్నా ఏమని చెప్పాలె? మా అమ్మ మంచిగ వండేది అందామంటె ఆమె ఎట్ల వండేదో నాకే తెల్వదాయె. గదే నాకు మంట. తిట్టించుకున్నందుకు కాదు, జవాబు లేనందుకు.

తర్వాత అత్తమ్మ నా దిక్కు తిరిగి, ఇగ నైవేద్యం దగ్గర నువ్వు నోరు తెరవద్దు, తిననీకీ వద్దు, మాట్లాడనీకీ వద్దు అన్నది. ఆ దినం సంది నా పని కూరగాయలు కోసుడు, బియ్యం ఏరుడు, గిన్నెలు తోముడు. ఇంటోళ్ల వంట గుడ ఆమె చేతుల మీదనే. నా సర్టిఫికెటు సంగతి ఎట్ల తెలిసిందో తెలిసింది. చుట్టాలొస్తె, మా కోడలు వంటల చదువు చదివింది, గిన్నెలు మస్తు తోముతది అని చెప్పి నవ్వేది. నేను గుడ నవ్వేదాన్ని. లోపల మాత్రం ఒక్కటే అనుకునేదాన్ని. ఆగు ముసల్దానా. నీ గంటె నీ చేతుల నుంచి గుంజుకోకపోతె నేను మా బాపు బిడ్డనే కాదు.

నేను ఏం నేర్చుకోవాల్నో నాకు సాఫ్‌గ తెలుసు. రుచి చూడకుండ వండుడు. అది ఏ క్లాసుల చెప్తరు? క్లాసు నోటుబుక్కు తీసి చూస్తె అన్ని పేజీలల్ల 'రుచి చూసి సరిచేయాలి' అనే ఉంది. సరిచేసే అవకాశం ఇయ్యని వంట గురించి ఒక్క అక్షరం లేదు.

అత్తమ్మ పగటి అన్నం తిన్నంక రెండు గంటలు పండుకుంటది. గా రెండు గంటలు నావి. మా ఆయనను సతాయిస్తె చిన్న సిలిండరు, దాని మీదనే బర్నరు ఉండేది ఒకటి తెచ్చిచ్చిండు. తెచ్చి, నాకేం తెల్వదు, లొల్లి అయితె నన్ను పిలువకు అన్నడు. మేడ మీద నీళ్ల ట్యాంకు ఎన్క పెట్టుకున్న. వండుడు సరే, రుచి ఎవరు చూడాలె? నేను చూస్తె మల్ల క్లాసు చెయ్యే అయితది. మా మేడకు, పక్కింటి మేడకు నడుమ నడుమెత్తు గోడ. అవతల ఒకామె ఉండేది, ఖాలా, అంటె పిన్ని, అని పిలుస్తుంటి. పెద్ద మనిషి, కొడుకులు గాజుల దుకాణం చేస్తరు, పగటీలి మేడ మీద మిరపకాయలో, వడియాలో ఎండబెట్టుకుంట కూసుంటది. ఒకనాడు గిన్నె గోడ మీద పెట్టి, జర తిని చెప్పు ఖాలా, నేను రుచి చూడద్దు అన్న. ఎందుకని ఆమె అడిగితె మొత్తం చెప్పిన. నవ్వుతదనుకున్న. నవ్వలే.

"మేం గుడ రోజాల ఒక్కపొద్దులల్ల నెలరోజులు రుచి చక్కకుండనే వండుతం బేటీ. ముక్కుంది, చెవులున్నయి, చేతులున్నయి. అవి ఏం చేస్తుంటయి మరి?" అన్నది.

ఆమె నాకు నేర్పలే. నేర్పమని నేనూ అడగలే. తిని ఒక్క మాట చెప్పేది. నమక్ కమ్, ఉప్పు తక్కువ. నమక్ జ్యాదా. ఖట్టా జ్యాదా, పులుపెక్కువ. కడ్వా, చేదు. గంతే. ఎందుకైందో, ఎక్కడ తప్పిందో నేనే ఎతుక్కోవాలె. క్లాసుల మేడం తప్పు చూసి సరిచేసేది, అందుకే ఆ తప్పు నా ఒంటికి ఎన్నడూ పట్టలే. ఈడ ఒక్క మాట ఇని కిందికొచ్చి, గిన్నెలు తోముకుంట, మరునాటి పగటీలి దాకా అదే మనసుల ఏసుకొని నలుగుతుంటి.

ఉప్పు చేతికి నేర్పనీకి నాకు నాలుగు నెలలు పట్టింది. చెంచాలు పారేసిన. సేరు బియ్యానికి ఎంత ఉప్పో పిడికిలికి తెల్వాలె. చెమట పట్టిన చేతికి ఎక్కువ అంటుకుంటది, కడిగి తుడుచుకున్న చేతికి తక్కువ. అది ఏ పుస్తకంల లేదు. చింతపండు పులుసు పచ్చిగ ఉన్నప్పుడు చప్పుడు వేరు, దగ్గరపడ్డంక చప్పుడు వేరు. ముందు గలగల అంటది, తర్వాత బుడుక్కు బుడుక్కు అని నూనె ఎగజిమ్ముతది. నా చేతుల మీద ఇప్పటికీ ఆ మచ్చలున్నయి. అన్నిటికంటె సతాయించినయి మెంతులు. నోటుబుక్కుల ఎర్రగా వేయించాలి అని ఉంది. ఎంత ఎరుపు? ఎండల ఒక ఎరుపు, బల్బు కింద ఒక ఎరుపు. పదిసార్లు ఏయిస్తె పదిసార్లు ఖాలా కడ్వా అన్నది. ఆఖరికి కండ్లు మూసుకొని ఏయించిన. అప్పుడు తెలిసింది. మెంతులు ముందు కమ్మటి వాసనొస్తయి, తర్వాత కాఫీ గింజల వాసనకు తిరుగుతయి. తిరిగిన గా క్షణంల దించాలె. ఇంకో ఊపిరి ఆగితె చేదు. ఒక్క గింజ మాడినా మొత్తం గంజు, గిన్నెకు గిన్నె చేదే.

ప్రతి గిన్నె మాడినప్పుడు అత్తమ్మ మొఖం యాదికి తెచ్చుకునేదాన్ని. ఆవుల తొట్టి యాదికి తెచ్చుకునేదాన్ని. మల్ల కడిగి మల్ల పెట్టేదాన్ని. మూడేండ్లు గడిచినంక ఒకనాడు ఖాలా పులిహోర తిని, ఏం అనకుండ ఇంకింత పెట్టమని గిన్నె చాపింది. ఆ దినం నేను మెట్లు దిగలే, దుంకిన. కిందికొచ్చి, పండుకున్న అత్తమ్మ దిక్కు చూసి, నీ పని అయిపాయె అని మనసులనే అన్న.

అయితె అవకాశం రావద్దా? ఆమె చేతుల గంటె ఆమె చేతులనే ఉండె. ఎక్కడా తప్పు లేదు, ఎన్నడూ తప్పు లేదు. తప్పు చెయ్యని మనిషి మీద పగ తీర్చుకొనుడు కంటె కష్టం ఇంకోటి లేదు.

గంతల అంటుకునే జొరాల దినాలొచ్చినయి. గల్లీల ఇంటికొకరు పడ్డరు. మా అత్తమ్మకు గుడ తగిలి పదిహేను దినాలు ముందు రూముల ఒంటిగ ఉన్నది. నేనే గంజి కాచి గడపల పెట్టిన. నైవేద్యానికి గుడిల అటుకులు, బెల్లం పెట్టుకున్నరు. పక్కింట్ల ఖాలాకు గుడ వచ్చింది. లేచినంక ఆమె గోడ దగ్గరికొచ్చి ఏడ్చింది. అత్తరు పూసుకుంటె వాసన రావట్లేదు, నా ముక్కు చచ్చిపోయింది బేటీ అని. ఎవరికి ఏం అంటుకుంటదో అని గోడ మీద గిన్నెలు ఇచ్చుకొనుడు అప్పటికే ఆగిపోయింది.

అత్తమ్మ మాత్రం ఏం చెప్పలే. లేచింది, తానం చేసింది, మల్ల పొయ్యి దగ్గర కూసుంది. ఒకనాడు పొయ్యి మీద పాలు పెట్టి, పక్కనే కూసొని ఒత్తులు చేస్తున్నది. పాలు అడుగంటి ఇల్లంత కంపు. నేను వాకిట్ల నుంచి ఉరికొచ్చిన. ఆమె జానెడు దూరంల కూసొని, ఏమైంది అన్నట్టు నా దిక్కు చూసింది. నేను పాలు దించిన. అప్పుడు ఆమె గిన్నె చూసి, గ్యాసు మంట ఎక్కువైందని మా ఆయన మీద ఎగిరింది.  నాకైతె సంబురమైంది.

పక్కాగ తెలుసుకోవాలె. మరునాడు ఇంగువ డబ్బీల ఇంగువ తీసేసి శనగపిండి నింపిన. తీస్కపోయి, జర చూడుండ్రి అత్తమ్మా, ఇది పాతదైపోయిందా అని ఇచ్చిన. ముక్కు దగ్గర పెట్టుకొని, కండ్లు సగం మూసి, మంచి ఘాటుంది, గిదే వాడు అన్నది. నేను వంటింట్లకు పోయి కొంగు నోట్లె కుక్కుకొని నవ్విన.

నోరు కట్టేసుకున్నది, ముక్కు పోయింది. ఇగ ఎట్ల వండుతది? ముప్పై ఏండ్ల అలవాటు మీద, చేతి లెక్క మీద నడిపిస్తున్నది. ఎవరికీ చెప్పలే, కొడుక్కు గుడ చెప్పలే. చెప్తె గంటె పోతది. గంటె పోతె ఆ ఇంట్ల ఆమె ఎవరు? ఈ సంగతి నాకొక్కదానికే తెలుసు. నేను ఓపిక పట్టిన. ఎదురుచూసుడు నాకు కొత్త కాదు.

ఆషాఢం వచ్చింది. బోనాల ఆదివారం గుడి ముంగట గల్లీ అంత మనుషులే. ఆ దినం పులిహోర పెద్ద గంజుతోటి చెయ్యాలె. పొద్దుగాలనే అత్తమ్మ పొయ్యి దగ్గర కూసుంది. నేను గడప ఇవతల కరివేపాకు దూస్తున్న. నూనె కాగింది, మెంతులు పడ్డయి. కమ్మటి వాసన లేచింది. నేను తల ఎత్తలే. వాసన కాఫీకి తిరిగింది. ఇప్పుడు దించాలె. అత్తమ్మ గంటె తిప్పుకుంటనే ఉంది. వంటింట్ల సందు చీకటి, మూకుడు నలుపు, ఆమె కంటికి ఏం ఆనట్లేదు. దించుండ్రి అత్తమ్మా అని ఒక్క మాట అంటె చాలు. నా నాలుక చివరి దాకా వచ్చింది గా మాట. నేను పండ్లు బిగబట్టిన. ఊపిరి బిగబట్టిన. మల్ల పీల్చేసరికి చేదు వాసన వంటింటి నిండ ఉంది. ఆమె ఎండుమిరపకాయలు ఏసి, ఇంగువ ఏసి, పులుసు పోసి మూత పెట్టింది.

పాపం కాదా అంటె పాపమే. దేవికి పెట్టేది అని తెల్వదా అంటె తెలుసు. అమ్మవారికి ఆ దినమే మనసుల దండం పెట్టుకొని చెప్పిన. తల్లీ, నీకు చేదు పెట్టిన, నన్ను కొట్టాల్నంటె కొట్టు, గాని ఆమెను గుడ జర చూడు అన్న.

నైవేద్యం అయింది. దొప్పలల్ల పెట్టి పంచుతున్నరు. నేను అత్తమ్మ పక్కనే నిలబడి మొఖాలు చూస్తున్న. మొదటి ముద్దకు పూజారి దవడ ఆగింది. మల్ల కదిలింది. కండ్లకద్దుకొని మింగిండు. తర్వాత ఒకాయన, తర్వాత ఇద్దరు ఆడోళ్లు. అందరు గట్లనే. ఒక్కరు ఉమ్మలే, ఒక్కరు మాట అనలే. ప్రసాదానికి వంక పెట్టరు గద ఎవరూ. నేను అది మరిచిపోయిన. ఆ దినం నాకు కావాల్సింది అదే, నలుగుర్ల ఒక్క మాట, నాకు పడ్డ అసువంటి మాట. ఒక్కటి రాలే. గాని అత్తమ్మ ముప్పై ఏండ్ల సంది ఆ మొఖాలు చూస్తున్నది. ఎవరు మింగుతున్నరో ఎవరు తింటున్నరో ఆమెకు తెల్వదా. ఒక దొప్ప తీస్కొని తానూ ఒక ముద్ద నోట్లె పెట్టుకుంది. మొఖంల ఏం మారలే. ముక్కుతోటి నాలుక గుడ పోయింది అనుకున్న నేను.

ఇంటికొచ్చినంక, ఖాళీ గంజు నేను తోముతుంటె అత్తమ్మ వచ్చి ఎన్క నిలబడ్డది.

"నీకు వాసన రాలేదా?"

"వచ్చింది."

"మరి చెప్పలే."

"నైవేద్యం కాడ నోరు తెరవద్దన్నరు గద అత్తమ్మా."

ఐదేండ్లు దాచిపెట్టుకున్న మాట కాదు అది, అప్పటికప్పుడే వచ్చింది. గాని ఎంత మంచిగ వచ్చింది.  ఆమె ఎన్కకు తిరిగి లోపలికి పోయింది. మరునాడు పొద్దుగాల నేను లేచేసరికి గంటె పొయ్యి పక్కన కాదు, నా ముంగట పీట మీద ఉంది. ఆమె వాకిట్ల కూసొని బియ్యం ఏరుతున్నది.

గెలిచిన. నైవేద్యం నాది, ఇంటి వంట నాది. నెల తిరగకముందే గుడిల, ఈమధ్య ప్రసాదం మస్తు కుదురుతున్నది అని చాటుమాటుగ అనుడు మొదలైంది. బాపు వచ్చి తిని, కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు. అంత అయింది, ఒక్కటి తప్ప. అత్తమ్మ ఏం అనలే. తినేది, చెయ్యి కడుక్కునేది, లేచిపోయేది. మంచిగుంది అనలే, బాగలేదు అనలే. నేను పెట్టేటప్పుడల్ల నిలబడి ఆమె నోటి దిక్కే చూసేదాన్ని. మా అమ్మను పదిమందిల అన్నది కదా, మా అమ్మ బిడ్డ వంట మంచిగుంది అని ఒంటరిగనన్న ఒక్కసారి అనాలె. గది రాకపోతె నా గెలుపు నాకు వద్దు.

రెండు నెలలు చూసిన. ఇగ నా వల్ల కాలే. ఒక మంగళారం, ఇంట్ల మేమిద్దరమే, నేను పప్పుల ఉప్పే ఏయలే. కావాలనే. చప్పటి పప్పు, మామూలు అన్నం, ఇంకేం లేదు. నీకు నాలుకే లేదు కదా, తిను, నా ముంగట చప్పటి కూడు తిను అని పెట్టిన. ఆమె కలుపుకుంది. తిన్నది. రెండోసారి పోయించుకుంది. పళ్లెం సాఫ్ చేసి, చెయ్యి కడుక్కొని వచ్చి, నా దిక్కు చూసి అన్నది.

"మంచిగైంది బిడ్డా. మీ అమ్మ ఉంటె గిట్లనే వండేది."

 వంటింట్లకు పోయి గోడకానుకొని ఏడ్చిన. ఎందుకు ఏడ్చిననో నాకే తెల్వలే. బిడ్డా అన్నది. మా అమ్మను తల్చింది. నేను చప్పటి పప్పు పెట్టినా ఆమెకు తెల్వకుండ గా మాట అన్నది. నా మీద నాకే అసహ్యమైంది, మల్ల సంబురమూ అయింది. చెప్పుకోనీకి ఎవరన్న కావాలె. మేడెక్కిన.

ఖాలా గోడ అవతల మిరపకాయలు తిరగేస్తున్నది. ఏడ్చుకుంట, నవ్వుకుంట మొత్తం చెప్పిన. ఖాలా, ఉప్పు లేని పప్పుకు మా అత్తమ్మ మంచిగైంది అన్నది, పాపం ఆమెకు ఏం తెలుస్తలేదు అన్న. ఖాలా చెయ్యి ఆగింది.

"ఎందుకు తెల్వదు బేటీ? నాకు ఇయ్యాల్టికి అత్తరు వాసన రాదు. గాని ఉప్పు లేకుంటె ముద్ద దిగదు. ముక్కు పోయింది, నాలుక యాడికి పోతది? ఉప్పు తెలుస్తది, చేదు తెలుస్తది."

నేను మెట్ల మీద కూసున్న. అంటె బోనాల దినం చేదు ఆమెకు తెలిసింది. మొఖం కదలకుండ మింగింది. ఇయ్యాల చప్పటి పప్పు తెలిసింది. రెండోసారి పోయించుకొని తిన్నది. తెలిసే అన్నది గా మాట. మీ అమ్మ ఉంటె గిట్లనే వండేది. ఉప్పు లేకుండ, కడుపుల విషం పెట్టుకొని, గిట్లనే వండేది అన్నదా? మల్ల మా అమ్మను తొట్టిల బోర్లించిందా? లేకపోతె, నువ్వు ఎందుకు చేసినవో నాకెరుకే, అయినా గా మాట నీకు బాకీ పడ్డ, ఇదిగో తీసుకో అన్నదా? తిడితె బిడ్డా అని ఎందుకంటది? దీవిస్తె ఉప్పు లేని దినమే ఎందుకు దీవిస్తది?

కిందికొచ్చేసరికి చాట ఒళ్లె పెట్టుకొని బియ్యం ఏరుతున్నది. తల ఎత్తి నా ఏడ్చిన మొఖం చూసింది. ఏమన్న అడుగుతవా అన్నట్టు కొంచెం సేపు ఆగింది. నేను ఏం అడగలే. మల్ల బియ్యంల రాళ్లు చూసుకుంది.

ఇదంత అయి రెండేండ్లు. రోజూ నేనే వండుతున్న, ఉప్పు సరిగ్గ ఏస్తున్న, రోజూ ఆమె తింటున్నది. మల్ల ఎన్నడు మా అమ్మ మాట ఎత్తలే, మంచి అనలే, చెడ్డ అనలే. గది తిట్టా, దీవెనా అని నిద్రల గుడ నాకు పురుగు తొలుస్తది. అడిగితె చెప్తది, అబద్ధం ఆడే మనిషి కాదు. గాని అడగాల్నంటె ముందుగాల నేను ఆ దినం ఉప్పు ఏయలేదని నా నోటితోటి నేనే ఒప్పుకోవాలె. సచ్చినా ఒప్పుకోను.